వాసన తెలియని సభ్యులు

నమోదు – 1

తూముపేట పురపాలక చరిత్ర గది వారికి నమస్కారం.

చైర్‌పర్సన్ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు, జరిగింది జరిగినట్టు రాసి పంపాలని మీ నిబంధన అట. మా అమ్మాయి హైమావతి, "నాకెక్కడ తీరుతుంది నాన్నా, నువ్వు రాయి" అంది. నాది ఏడో తరగతి చదువు. బతుకంతా ఇడ్లీ బండి మీదే గడిచింది. అయినా రాస్తాను, ఎందుకు రాయను? దొప్పలపూడి పానకాలు కూతురు ఈ ఊరికి చైర్‌పర్సన్ అయింది! ఈ మాట ఇంకో పదిసార్లు రాసుకోవాలని ఉంది కానీ, రాసే పలక మీరిచ్చింది కాబట్టి ఊరుకుంటున్నాను.

ప్రమాణం పొద్దు పొడవగానే పెట్టారు. ఎండ సైరన్ మోగేలోపు జనమంతా ఇళ్ళల్లో పడాలి కదా. హైమ ముదురు ఆకుపచ్చ నేతచీర కట్టుకుని, ఒక్క అక్షరం తడబడకుండా చదివింది. నేను వెనక వరసలో నుంచుని ఈల వేశాను. ఈ వయసులో! పక్కనున్న పెద్దమనిషి చెవి మూసుకున్నాడు. మూసుకోనీ, ఆయన కూతురు చైర్‌పర్సన్ కాదు.

ఇంటికొచ్చి మిఠాయి పొట్లం విప్పాను. లడ్డూ నోటి దాకా తెచ్చుకున్నానో లేదో, వంటింటి గొట్టంలోంచి గుప్పుమని కొట్టింది కంపు. కుళ్ళిన గుడ్డు, చచ్చిన ఎలుక, నెలరోజులుగా మాసిన గుడ్డలు అన్నీ కలిపి నానబెట్టినట్టు. లడ్డూ కూడా అదే రుచి. ఉమ్మేశాను. ఇంత ఆనందం వచ్చిన రోజున నోరు తీపి చేసుకునే రాత కూడా లేదు మా వీధికి. ఛీ.

నమోదు – 2

పిండి రుబ్బుదామని పొద్దున్నే లేచాను. హైమ సభకు వెళ్ళేలోపు నాలుగు ఇడ్లీలు తినాలి. నీళ్ళ వంతు గంట మోగింది. కొళాయి కింద బిందె పెట్టాను. మొదటి చెంబు నల్లగా, రెండో చెంబు పచ్చగా వచ్చింది. మూడోది తెల్లగానే వచ్చింది కానీ దాంట్లో వెంట్రుక ఉంది. ఎవరిదో ఏమో. స్నానాల గదికి వెళితే కింది జాలీలోంచి బుడగలు, బుడగలతో పాటు బొద్దింకలు. చీపురుతో తోసిన కొద్దీ వస్తున్నాయి.

పక్కింటి ఖాసింబీ తలుపు దగ్గరకొచ్చి, "మీ అమ్మాయి గెలిచింది కదా అన్నా, ఇంక మాకు ముక్కు మూసుకునే పని తప్పుతుందిలే" అంది. నవ్వుతూనే అంది. కిందటేడు వానకి ఆమె ఇంట్లో మురుగు మంచం పట్టె దాకా వచ్చింది. ఆ నీళ్ళు కలిసిన కొళాయి నీళ్ళు తాగి ఆమె భర్త మస్తాన్ వాంతులతో పోయాడు. మా పల్లపు వీధిలో ఇంకా ముగ్గురు పోయారు. ఆ నలుగురి పేరు చెప్పే హైమ ఓట్లడిగింది.

మీది చరిత్ర గది కాబట్టి కాలువ సంగతి కూడా రాస్తాను. మా చిన్నతనంలో అది పంటకాలువ. తూము ఎత్తితే నీళ్ళు గలగలమంటూ వచ్చేవి, నేనూ మస్తానూ దాంట్లోనే ఈత నేర్చుకున్నాం. తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి. పంచాయతీ పోయి పురసభ వచ్చింది. పక్కన మహానగరంలో అద్దెలు కట్టలేనివాళ్ళు ఇటొచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. ప్రతి ఇల్లూ తన గొట్టాన్ని కాలువలోకి తిప్పింది, మా ఇంటితో సహా. అప్పుడు చైర్మన్ మా అన్నయ్య శివన్నారాయణ. ఆయన కాలువ పొడుగునా శ్లాబు పోయించి పైన రోడ్డు వేయించాడు. మురుగు కంటికి కనబడకుండా పోయింది. ఊరంతా ఆయన్ని భుజాల మీద ఊరేగించింది. దాని పేరే శివన్నారాయణ రోడ్డు.

ఇప్పుడా శ్లాబు కింద కాలువ నిండా పూడిపోయింది. పోయినేడు పూడిక తియ్యడానికి లోపలికి ఒక పాకుడు యంత్రాన్ని పంపారు, అది తిరిగి రాలేదు. దాన్ని లాక్కురమ్మని ఇంకోదాన్ని పంపారు. అదీ అక్కడే ఉండిపోయింది. శ్లాబు పగలగొట్టడం తప్ప దారి లేదు. అదీ వానల లోపు.

నమోదు – 3

హైమ మొదటి సభ. జనం కూర్చునే బెంచీ మీద నేనే ముందు.

చదివేవాళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. మా అన్నయ్య పోయి పదకొండేళ్ళయింది. అయినా ఆయన సభ్యుడే. పెద్దల అనుభవం ఊరికి దక్కాలని, చైర్మన్లుగానో కౌన్సిలర్లుగానో చేసి పోయినవాళ్ళ గొంతుల్ని పెట్టెల్లో పెట్టి సభలో కూర్చోబెట్టడం తూముపేటలో ఎప్పట్నించో ఉంది. వాళ్ళు మాట్లాడిన సభలన్నీ పోసి తయారుచేసిన గొంతులు. వింటారు, ఆలోచిస్తారు, వాదిస్తారు, ఓటేస్తారు. సభ మొదలైతే తెరుచుకుంటారు, సభ ముగిస్తే మూసుకుంటారు. వాళ్ళ లెక్కలో నిన్నటి సభకీ ఇవాళ్టి సభకీ మధ్య ఏమీ ఉండదు.

ఇందులో మా ఊరి మర్యాద ఒకటుంది. పోయినవాళ్ళకు పోయారని చెప్పరు. ఒంట్లో నలతగా ఉన్నా సభలోనే కూర్చుని మాట్లాడుతున్నామనే వాళ్ళనుకుంటారు. అందుకే గోడమీద వాళ్ళ ఫొటోలకు దండలు కూడా వెయ్యరు. సభలో ఎవరి చావు మాటైనా ఎత్తిన సభ్యుడి కుర్చీ పోతుందని నిబంధన. అటెండరు మరియమ్మ ప్రతి పెట్టె ముందూ గ్లాసు చప్పుడయ్యేట్టు కాఫీ పెడుతుంది.

"శివన్నారాయణ గారూ, కాఫీ అండీ."

"అక్కడ పెట్టమ్మా, చల్లారాక తాగుతా."

పదకొండేళ్ళుగా అదే మాట. ఆ గొంతు వింటే నాకు ఇప్పటికీ లేచి నుంచోవాలనిపిస్తుంది. మా నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే.

హైమ లేచింది. "పల్లపు వీధి మురుగు విషయం. శివన్నారాయణ రోడ్డు కింద కాలువ పూడిపోయింది. వానలు పడేలోపు శ్లాబు తీసి, పూడిక తియ్యాలని ప్రతిపాదిస్తున్నాను."

"ఏ రోడ్డమ్మాయ్?" అన్నాడు అన్నయ్య.

"మీ రోడ్డే పెదనాన్నా."

"దాన్ని తియ్యటమేంది? మొన్నేగా రిబ్బను కత్తిరించింది! కొత్త రోడ్డమ్మా అది, దానిమీద ఇంకా సిమెంటు వాసన కూడా పోలా."

"ఇప్పుడొచ్చేది సిమెంటు వాసన కాదు పెదనాన్నా. కంపు. ఇక్కడ ఈ సభలోకి కూడా వస్తోంది."

"నాకేం రావట్లేదే. ఏమయ్యా కుటుంబరావూ, నీకేమన్నా వస్తందా?"

"అబ్బే, శుభ్రంగా ఉందండీ" అంది పక్క పెట్టె.

"ఏం లేదు, ఏం లేదు" అన్నాయి వరసలో ఉన్న పెట్టెలన్నీ. వాళ్ళంతా ఒకప్పుడు అన్నయ్య వెంట తిరిగినవాళ్ళే. బతికున్న సభ్యులేమో ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు, ఆ రుమాళ్ళ వెనక నుంచి ఎవరూ నోరు తెరవలేదు. ఓటుకు పెట్టారు. బతికున్నవాళ్ళకంటే పెట్టెలే ఎక్కువ. హైమ ప్రతిపాదన పోయింది.

ఇంటికొచ్చి నా కూతురు ఇడ్లీ ముట్టలేదు. కానీ రాసుకోండి, ఎంత బాగా మాట్లాడిందో! ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

నమోదు – 4

వైస్ చైర్మన్ గద్దె రత్తయ్య మా ఇంటికొచ్చాడు. బతికున్న సభ్యుల్లో పెద్దవాడు. ఉండేది మెరక వీధిలో, కాలువకు ఎగువన. ముక్కులో మల్లెపూల వాసనొచ్చే బిళ్ళలు పెట్టుకుని, నా ఇడ్లీలు ఆరు తిన్నాడు.

"అమ్మాయికి మీరన్నా చెప్పండి బాబాయ్, ఈ సంగతి వదిలెయ్యమని. పెద్దలు కాదన్నాక మనమేం చేస్తాం?"

"వాళ్ళకు వాసన తెలియదు కదా రత్తయ్యా. నీకు తెలుసు కదా."

"తెలుసు. తెలిస్తే?" చట్నీ నాకి నవ్వాడు. "ఒక మాట చెప్తాను, బయట అనకండి. ఈ పెట్టెలంత సుఖం ఇంకోటి లేదు. పని కాకపోతే పెద్దలు ఒప్పుకోలేదంటాం. జనం ఎవర్ని తిడతారు? వాళ్ళని. తిట్టించుకోడానికి వాళ్ళు లేరాయె. ఆ రోడ్డు తవ్వితే కంపు మా మెరక వీధి దాకా వస్తుంది. మా ఓట్లు ఏం కావాలి?"

"మా వీధిలో మనుషులు పోయారు."

"పల్లం అన్నాక నీళ్ళు రాకుండా ఉంటాయా బాబాయ్? ఇల్లు మార్చుకోవాల్సింది."

ఆయన వెళ్ళాక ఆ కంచం రెండుసార్లు కడిగాను. జాలీలోంచి వచ్చే పురుగుల్ని చూస్తే కూడా నాకింత రోత పుట్టలేదు. పురుగు పాపం మురుగులో పుట్టింది, మురుగులో ఉంటుంది. ఈయన మల్లెపూలు ముక్కులో పెట్టుకుని మురుగును ఏలుతున్నాడు.

నమోదు – 5

వాతావరణం వాళ్ళు చెప్పారు, రేపో ఎల్లుండో కుంభవృష్టి. ఖాసింబీ అప్పుడే మంచం కోళ్ళ కింద ఇటుకలు పెడుతోంది. సాయం పట్టబోతే, "వద్దులే అన్నా, నడుం పట్టేస్తే మిమ్మల్ని మొయ్యాల్సొస్తుంది నాకు" అంది. ఇటుకలు ఎత్తిన చోట నేల చెమ్మగా, జిగటగా ఉంది. ఆమె కోడలు నెలలు నిండిన మనిషి. ఆ మంచం మీద పడుకోవాల్సింది ఆ పిల్లే.

హైమ రేపటికి మళ్ళీ సభ పిలిచింది. ఎండవేళ తలుపులేసుకుని కూర్చున్నప్పుడు అంది, "నాన్నా, రేపు నేనే చెప్పేస్తాను పెదనాన్నకి, ఆయన లేడని. లేని మనిషికి ఓటేంటి?"

"చెబితే నీ కుర్చీ పోతుందే!"

"పోనీ."

"పోతే ఆ కుర్చీలో రత్తయ్య కూర్చుంటాడు. శ్లాబు ఎవరు పగలగొట్టిస్తారు?"

అది తలదించుకుంది.

"నేను అర్జీ పెట్టుకుంటాను" అన్నాను. ఊళ్ళో ఎవరైనా అర్జీదారుగా సభ ముందు నుంచుని మాట్లాడొచ్చు. "అన్నయ్యని బతిమాలుకుంటాను."

"ఆయన నీ మాట ఎప్పుడన్నా విన్నాడా నాన్నా?"

"వినలేదు. నేనెప్పుడన్నా గట్టిగా చెబితే కదా వినడానికి."

నమోదు – 6

మర్చిపోకముందే రాస్తాను.

సభలో ఇవాళ కంపు మరీ ఎక్కువ. మరియమ్మ కాఫీలు పెట్టడం అయ్యాక హైమ, "అర్జీదారు దొప్పలపూడి పానకాలు గారు" అని పిలిచింది. నా పేరు చివర గారు పెట్టింది నా కూతురు! ఆ సంతోషంలోనే లేచి వెళ్ళి అన్నయ్య పెట్టె ముందు నుంచున్నాను.

"అన్నయ్యా, నేను."

"ఒరేయ్ పానకాలూ! నువ్వేందిరా ఇక్కడ? ఏదన్నా ఉంటే ఇంటికొచ్చి చెప్పకూడదా?"

"ఆ శ్లాబు తియ్యనియ్యి అన్నయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను. మా వీధి మునిగిపోద్ది."

"నీకు తెలవదు ఊరుకో. రోడ్డంటే ఊరికి మొహం రా. ఎవడో కంపు అన్నాడని మొహం పగలగొట్టుకుంటామా? రేపు ఇంటికి రా, మాట్లాడుకుందాం. మీ వదిన గారెలేస్తుంది. మస్తాన్‌ని కూడా తీసుకురా, వాడు కనపడి చాలా రోజులైంది."

అంతవరకు నేను బతిమాలడానికే వచ్చాను, నిజం. మస్తాన్ పేరు వినగానే జోడించిన చేతులు దించేశాను.

"మస్తాన్ పోయాడు అన్నయ్యా. నీ రోడ్డు కింది మురుగు కొళాయిలో కలిస్తే, అది తాగి పోయాడు."

"పోయాడా? ఎప్పుడు? నాకొక్కళ్ళూ చెప్పలేదేం?"

"నీకు చెప్పరు. నువ్వు కూడా పోయావు కాబట్టి చెప్పరు."

రత్తయ్య కుర్చీ వెనక్కి పడిపోయేట్టు లేచాడు. "కట్టెయ్ మరియమ్మా! ఆ పెట్టెలన్నీ కట్టెయ్!"

"కూర్చోండి రత్తయ్య గారూ" అంది హైమ. "మాట్లాడేది సభ్యుడు కాదు, అర్జీదారు. ఆయనకు పోవడానికి కుర్చీ లేదు." మరియమ్మ కదల్లేదు.

పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

"ఎప్పుడురా?" అన్నాడు అన్నయ్య.

"పదకొండేళ్ళయింది. నిద్రలోనే పోయావు. అన్నీ నేనే చేశాను."

"మీ వదిన?"

"నీ తర్వాత రెండేళ్ళకి."

"మరి రోజూ సభకి ముందు, మీ ఆవిడ బాగున్నారండీ అని చెబుతున్నారే?"

బతికున్న సభ్యులు రుమాళ్ళు సర్దుకున్నారు.

"ఈ కాఫీ? చల్లారాక నేనేగా తాగుతోంది?"

"నేను తాగుతున్నానయ్యా" అంది మరియమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "పారబొయ్యటానికి మనసొప్పక."

"నువ్వు తాగమ్మా, నీదేం తప్పు లేదు." తర్వాత గొంతు పెరిగింది. అది చైర్మన్‌గా ఉన్నప్పటి గొంతు, గోడలు అదిరేది. "థూ! సిగ్గుందా మీకు? పాడెక్కినవాణ్ణి లాక్కొచ్చి కుర్చీలో కూలేస్తారా? నాతో చేతులెత్తిస్తారా? నా పెళ్ళాం బాగుందని నాకే అబద్ధం చెబుతారా? శవాన్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి కంపు రాక ఏమొస్తుంది! ఒరేయ్ పానకాలూ!"

"అన్నయ్యా."

"కంపెట్టా ఉంది? దాచకుండా చెప్పు."

చెప్పాను. కొళాయిలో మొదటి చెంబు నల్లగా, రెండోది పచ్చగా రావడం చెప్పాను. జాలీలోంచి బుడగలు, వాటివెంట ఈగల్లా బొద్దింకలు. అన్నం ముద్ద కలుపుకుంటే వేళ్ళకే ఆ వాసన అంటుకోవడం. పిల్లలు బడికి పోతే పక్క పిల్లలు దూరం జరగడం. మస్తాన్ ఆఖరి పూట నాతో, ఈత నేర్చుకున్న నీళ్ళురా ఇవి, అనడం. కూతురు ప్రమాణం చేసిన రోజున లడ్డూ ఉమ్మెయ్యడం. రుమాళ్ళు పెట్టుకున్నవాళ్ళలో ఒకాయన బయటికి పరిగెత్తాడు.

అన్నయ్య అంతా విన్నాడు.

"దాన్ని మూశాననుకున్నాను రా" అన్నాడు. "మూస్తే లేకుండా పోద్దనుకున్నా. చైర్‌పర్సన్ గారూ, నా రాజీనామా రాసుకోండి. ఆ రోడ్డు పగలగొట్టించండి."

అప్పుడు పక్క పెట్టె, కుటుంబరావు గారిది, బెదురుతూ అడిగింది. "శివన్నారాయణ గారూ... మరి నేను బాగానే ఉన్నాను కదండీ?"

హాలులో బతికున్నవాళ్ళంతా నేలకేసి చూశారు. దానికి సమాధానం చెప్పింది మా అన్నయ్యే.

"లేదు కుటుంబరావూ. మనందరం అంతే. లేవండయ్యా, సభలో మన పనైపోయింది. లేవండి."

ఒక పెట్టె ఏడ్చింది. ఒకటి దేవుడి పేరేదో తలుచుకుంది. ఒకటి తన మనవడు పాసయ్యాడా అని అడిగింది, అయ్యాడని మరియమ్మ చెప్పింది. హైమ ఒక్కొక్కరి పేరూ పిలిచింది, ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టింది. పిలిచిన పేరు పిలిచినట్టు పచ్చ దీపం ఆరిపోయింది. అన్నయ్యది చివర.

"పానకాలూ, అమ్మాయి బాగా మాట్లాడుతోందిరా" అన్నాడు.

"మరి? నా కూతురు" అన్నాను. దీపం ఆరిపోయింది.

ప్రతిపాదన మళ్ళీ ఓటుకు వచ్చింది. రుమాళ్ళు తీసి చేతులెత్తారు. ఇప్పుడు ఎవరి వెనకా దాక్కోవడానికి లేదు. రత్తయ్య ఒక్కడే ఎత్తలేదు.

నమోదు – 7

మబ్బు కమ్మి ఎండ సైరన్ మోగలేదు. పొద్దున్నే యంత్రాలు దిగాయి. హైమ చీర కుచ్చిళ్ళు బిగించి అక్కడే నుంచుంది, గొడుగు పట్టుకుని పక్కన నేను.

మొదటి శ్లాబు లేచింది. అయ్యా, ఆ కంపు రాయడానికి నా ఏడో తరగతి చాలదు. గాలికి బరువుంటుందని నాకు ఇవాళే తెలిసింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. లోపల నల్లటి బురద, దానిమీద వెంట్రుకలు, సంచులు, ఎప్పటివో చెప్పులు, రెండు పాకుడు యంత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని. మా అమ్మాయి పక్కకెళ్ళి కడుపులోది కక్కింది. చెంబుతో నీళ్ళిచ్చి, నోరు పుక్కిలించాక వీపు నిమిరాను. మళ్ళీ వచ్చి అదే చోట నుంచుంది.

సాయంత్రానికి కిందికి దారి దొరికింది. చినుకులు మొదలయ్యేసరికి కాలువలో నీళ్ళు కదిలాయి. ముందు పేస్టులా, తర్వాత పప్పుచారులా, తర్వాత నీళ్ళలాగే. మా వీధి వైపు రాలేదు. కిందికి పోతున్నాయి! జనం అంత కంపులోనూ గట్టు మీద నుంచుని చూస్తున్నారు.

ఎగువన మెరక వీధిలో మాత్రం తలుపులు ధడేలుమంటున్నాయి. అన్ని ఇళ్ళ అద్దాలూ వేసుకున్నారు. ఇప్పుడా వాసన అందరిదీ. మా అమ్మాయి మళ్ళీ గెలవదని అప్పుడే అంటున్నారు.

చీకటి పడకముందే ఫోను మోగింది. ఎవరో పెద్దమనిషి, ఆ వీధివాడే, ముక్కు మూసుకుని మాట్లాడుతున్నాడని గొంతులోనే తెలుస్తోంది.

"ఏమండీ, ఊరంతా కంపు చేసి పెట్టింది, ఆ హైమావతి మీ అమ్మాయేనా?"

"అవునండీ!" అన్నాను, వీధి వీధంతా వినబడేట్టు. "మా అమ్మాయే!"